చిమ్నీ ఒక్కటే మిగిలితే చాలదు

గిరణ్‌గావ్ అంటే మిల్లుల ఊరు. పరేల్, లాల్‌బాగ్, కాళాచౌకీ, నాయ్‌గావ్, వర్లీ, డిలైల్ రోడ్డు పేటలన్నిటికీ కలిపి జనం పెట్టుకున్న పేరు అది. ఇవాళ ఆ పేటల్లో నలభై, యాభై, అరవై అంతస్తుల మేడలు లేచాయి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి మిల్లు చిమ్నీ మిగిలింది. మేడను చూపించి అభివృద్ధి చేశామంటారు కొందరు. చిమ్నీని చూపించి వారసత్వాన్ని కాపాడామంటారు మరికొందరు. ఈ ఇద్దరి వాదులాటలో ఆ చిమ్నీ కింద ముప్పయ్యేళ్ళు, నలభయ్యేళ్ళు చెమటోడ్చినవాడి మాట వినేవాడు లేడు.

మన సభ్యుల్లో కూడా ఈ విషయంపై రెండు అభిప్రాయాలున్నాయి. పాత చాళ్ళు, మిల్లు షెడ్లు కూలితే మన చరిత్రే కూలినట్టని కొందరంటున్నారు. చరిత్ర కూడు పెడుతుందా, పడగొట్టి మేడ కట్టి ఇల్లు ఇవ్వండి చాలు అని మరికొందరంటున్నారు. ఇద్దరూ మనవాళ్ళే. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కనుక మన సంఘం అభిప్రాయాన్ని ఈ సంచికలో వివరంగా చెప్పదలచుకున్నాము.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తున్నాము. మేము ఎత్తైన కట్టడాలకు వ్యతిరేకులం కాము. మా ప్రశ్న ఎన్ని అంతస్తులు అన్నది కాదు. ఆ అంతస్తుల్లో ఎవరుంటారు, ఆ నేల ఎవరి శ్రమతో విలువ పెంచుకుంది, అక్కడ జరిగిన చరిత్రను ఎవరు చెప్పాలి అన్నవే మా ప్రశ్నలు.

ఈ పేటలను నిలబెట్టినది ఎవరు?

బొంబాయిలో మొదటి నూలు మిల్లును కావస్జీ నానాభాయ్ దావర్ 1854లో స్థాపించాడు. తాడ్‌దేవ్‌లో ఉన్న ఆ మిల్లు 1856లో పని మొదలుపెట్టింది. ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఈ నగరాన్ని పోషించింది మిల్లులే. కొంకణ్ నుంచి, సతారా నుంచి, ఉత్తరాది నుంచి వచ్చినట్టే మన తెలుగువారూ వచ్చారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గం పని తెలిసిన పద్మశాలీలు వచ్చి సాంచా ఖాతాల్లో చేరారు. అంతకు ముందే నిజాం ఇలాకా నుంచి వచ్చిన కామాటీలు రాళ్ళు మోసి, గోడలు లేపి ఈ నగరాన్ని కట్టారు. కామాఠీపురా అన్న పేరు వారిదే. ఆ పేట పేరు చెబితే లోకానికి వేరే సంగతి గుర్తుకొస్తుంది గాని, కూలి చేసి బతికిన తెలుగువాళ్ళ పేరు మీద వెలసిన పేట అని ఎందరికి తెలుసు?

భారతదేశ కార్మికోద్యమ చరిత్రలో ఈ పేటలకు ఉన్న స్థానం మరే పేటకూ లేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బాంబే మిల్ హ్యాండ్స్ అసోసియేషన్ పెట్టాడు. మనకు ఆదివారం సెలవు 1890 జూన్ 10న సాధించింది ఆ పోరాటమే. లోఖండేకు గురువైన మహాత్మా ఫూలే సత్యశోధక్ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, వ్యంకూ బాళోజీ కాళేవార్, జయా కరాడీ లింగూ వంటి తెలుగువారున్నారు. తిలక్‌కు ఆరేళ్ళ శిక్ష వేసినందుకు 1908 జూలైలో ఆరు రోజులు మిల్లులు బంద్ చేసింది ఇక్కడి కార్మికులు. డాక్టర్ అంబేద్కర్ 1912 నుంచి 1934 వరకు నివసించింది పరేల్‌లోని బి.ఐ.టి. చాల్‌లో. డిలైల్ రోడ్డుకు ఎన్.ఎం. జోషీ పేరు పెట్టారంటే ఆయన కార్మికుల కోసం పాటుపడినందుకే.

ఇంకో సంగతి. మిల్లు గోడ లోపల ఎంత చరిత్ర ఉందో గోడ బయటా అంత ఉంది. ఒంటరిగా వచ్చిన కార్మికులకు ఖానావళి పెట్టి రెండు పూటలా వండిపెట్టిన ఆడవాళ్ళు లేకుంటే షిఫ్టు నడిచేది కాదు. అప్పిచ్చేవాళ్ళ పీడ నుంచి ఆ ఆడవాళ్ళను బయటపడేయడానికి ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ స్థాపించారు. మునిసిపాలిటీ తెలుగు మీడియం బడులు, గణపతి మండళ్ళు, భజన మండళ్ళు, వ్యాయామశాలలు అన్నీ చాళ్ళ చుట్టూ పెరిగాయి. దీన్నే మేము వారసత్వం అంటున్నాము. ఇందులో ఇటుక ఉంది. ఇటుకకన్నా మనుషుల పొత్తు ఎక్కువ ఉంది.

భూమి చేతులు మారిన తీరు

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. ఆ సమ్మెను ముగించినట్టు ఇప్పటికీ ఎవరూ ప్రకటించలేదు. వేలాది మందిని మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. యాజమాన్యాలకు బట్ట నేయడం కన్నా నేల అమ్మడం లాభసాటి అయింది. నూలులో నష్టం చూపించే మిల్లు కింద నేల మాత్రం బంగారమైంది. బొంబాయిలో మొత్తం 58 మిల్లుల కింద సుమారు 600 ఎకరాల భూమి ఉండేది. అందులో 25 మిల్లులు నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్‌వి, అంటే ప్రజలవి.

1991లో వచ్చిన అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వ నిబంధన ఒకటుంది. ప్రతి కార్మికుడూ దీన్ని తెలుసుకోవాలి. మిల్లు భూమిని వేరే పనికి వాడదలిస్తే దాన్ని స్థూలంగా మూడు వాటాలు చేయాలి. ఒక వాటా మైదానాలకు, తోటలకు మునిసిపాలిటీకి ఇవ్వాలి. ఒక వాటా కార్మికులతో సహా సామాన్యుల ఇళ్ళకు మ్హాడాకు ఇవ్వాలి. మిగిలిన వాటా యజమాని వాడుకోవచ్చు. ఆలోచిస్తే ఇది చెడ్డ ఒప్పందం కాదు. మేడ కట్టాలన్నవాడికి మేడ, ఊరికి గాలి, కార్మికుడికి గూడు దొరికేవి.

1996లో రాష్ట్ర ప్రభుత్వం వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన కమిటీ వేసింది. ఒక్కో మిల్లును విడివిడిగా ముక్కలు చేయకుండా, అన్నిటినీ కలిపి ఒక పథకం ప్రకారం తీర్చిదిద్దాలని కొరియా సూచించారు. అలా చేస్తే రోడ్లు, తోటలు, ఇళ్ళు ఒకదానికొకటి పొంది కుదిరేవి. ఆ నివేదిక అమలు కాలేదు.

ఇక 2001లో 58వ నిబంధనను సవరించారు. మూడు వాటాలు మొత్తం భూమికి కాదు, మిల్లులో ఖాళీగా పడి ఉన్న జాగాకు మాత్రమే వర్తిస్తాయన్నారు. షెడ్లను కూల్చగా వచ్చే జాగా ఖాళీ జాగా కిందకు రాదన్నారు. దీని అర్థం మన లెక్కలో చూద్దాం. 12 ఎకరాల మిల్లు ఒకటి ఉందనుకోండి. అందులో 10 ఎకరాల్లో షెడ్లున్నాయి, 2 ఎకరాలు ఖాళీ. పాత నిబంధన ప్రకారం ఊరికి సుమారు 4 ఎకరాలు, ఇళ్ళకు సుమారు 4 ఎకరాలు రావాలి. సవరణ ప్రకారం ఆ 2 ఎకరాల్లోనే పంపకం. ఒక్కొక్కరికీ ముక్కాలు ఎకరం కూడా రాదు. ఒక్క మాట మార్చి మన చేతిలో ఉన్నదాన్ని లాక్కున్నారు.

దీనిపై పర్యావరణ సంస్థ కోర్టుకు వెళ్ళింది. 2005లో హైకోర్టు ఊరి పక్షాన తీర్పు చెప్పింది. 2006 మార్చి 7న సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టివేసి సవరణను ఖాయం చేసింది. ఈలోగా 2005లోనే ఎన్.టి.సి. ఐదు మిల్లుల భూములు అమ్మింది. ఒక్క ముంబై టెక్స్‌టైల్ మిల్లు స్థలమే 702 కోట్లకు పోయింది. దాదర్‌లోని కోహినూర్ 3వ నంబరు మిల్లు 421 కోట్లకు పోయింది. ఇదంతా వేలంలో బాహాటంగానే జరిగింది. అయితే చట్టానికి సరిపోయిందంతా న్యాయానికి సరిపోతుందని మేము ఒప్పుకోము.

పథకం లేని ఎత్తు ప్రాణం మీదకు తెస్తుంది

మిల్లుల కాలంలో కార్మికుడు చాల్ నుంచి గేటుకు నడిచి వెళ్ళేవాడు. భోంగా మోగితే పది నిమిషాల్లో ఖాతాలో ఉండేవాడు. ఇక్కడి రైలు స్టేషన్లు, వంతెనలు, గల్లీలు ఆ లెక్కన ఉన్నవే. మిల్లుల జాగాలో ఆఫీసులు లేచాక లెక్క తిరగబడింది. పేటలో ఉండేవాళ్ళకు పేటలో పని లేదు, పని చేసేవాళ్ళకు పేటలో ఇల్లు లేదు. నగరం నలుమూలల నుంచి రోజూ లక్షలాది మంది అదే ఇరుకు స్టేషన్లలో దిగడం మొదలైంది.

దాని ఫలితం 2017 సెప్టెంబరు 29న చూశాము. ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ నడక వంతెన మీద వానలో జరిగిన తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. అదే ఏడాది డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలో మేడపైన నడిచే హోటళ్ళలో నిప్పంటుకుని 14 మంది చనిపోయారు. ఆ పిల్లలూ పెద్దలూ మన శత్రువులు కారు. పొట్టకూటికి పోయేవాళ్ళు, ఒక సాయంత్రం సరదాగా గడపాలని వచ్చినవాళ్ళు. వాళ్ళ చావుకు కారణం మేడల ఎత్తు కాదు. ఎత్తుకు తగిన దారి, మెట్లు, నీరు, గాలి, నిప్పు నుంచి తప్పించుకునే తోవ ముందుగా ఆలోచించకపోవడం. మిల్లు గోడ నిలబెట్టి లోపల హోటలు పెడితే పాతదాన్ని కాపాడినట్టు కాదని కూడా ఆ రాత్రి తెలిసింది.

ఎవరి వారసత్వం జాబితాకెక్కుతుంది?

పాత కట్టడాల రక్షణకు బొంబాయిలో 1995లో నిబంధనలు వచ్చాయి. కట్టడాలను మూడు తరగతులు చేశారు. మొదటి తరగతి కట్టడాన్ని దాదాపు తాకరాదు. రెండో తరగతిలో లోపల కొంత మార్పు చేయవచ్చు. మూడో తరగతిలో ఇంకా సడలింపు. మంచి పనే. విక్టోరియా టెర్మినస్ 2004లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. కోటలోని విక్టోరియా కాలపు భవనాలు, మెరైన్ డ్రైవ్ వైపు నున్నటి మేడలు 2018లో ఎక్కాయి. వాటిని చూసి మాకూ గర్వమే. ఆ స్టేషన్ రాళ్ళు మోసింది ఈ నగరపు కూలీలే.

అయితే ఒక తేడా గమనించండి. హైకోర్టు, విశ్వవిద్యాలయం, దొరల భవనం నిలిస్తే అది చరిత్ర. చాల్, ఖానావళి, మిల్లు గేటు నిలిస్తే అది అడ్డు. అవి కట్టినప్పటికి తెల్లదొరల కాలమే, ఇవి కట్టినప్పటికీ తెల్లదొరల కాలమే. అందంగా లేవంటారు. కార్మికుడి బతుకు అందంగా ఉందని మేమెప్పుడూ చెప్పలేదు. ఆ అందం లేకపోవడమే భావి తరాలు తెలుసుకోవలసిన చరిత్ర. 160 చదరపు అడుగుల ఖోలీలో రాత్రి షిఫ్టువాడు పగలూ, పగలు షిఫ్టువాడు రాత్రీ అదే చాప మీద పడుకున్నారని తెలియకపోతే, ఆదివారం సెలవు ఎందుకు కావాల్సి వచ్చిందో మనవళ్ళకు ఎలా అర్థమవుతుంది?

పట్టుబడితే సాధించలేనిది లేదనడానికి ఒక ఉదాహరణ మన కళ్ళ ముందే ఉంది. దాదర్ సముద్రతీరాన ఉన్న ఇండియా యునైటెడ్ 6వ నంబరు మిల్లును జనం ఇందు మిల్లు అంటారు. అక్కడ డాక్టర్ అంబేద్కర్ స్మారకం కావాలని ప్రజలు ఏళ్ళ తరబడి పోరాడారు. 2015లో శంకుస్థాపన జరిగింది. వేలానికి పోవలసిన నేల ప్రజల స్మృతికి మిగిలింది. కాళాచౌకీలో ఇండియా యునైటెడ్ 2, 3 నంబరు మిల్లుల స్థలంలో వస్త్ర పరిశ్రమ మ్యూజియం కట్టే పని మునిసిపాలిటీ చేపట్టింది. దీన్ని మేము స్వాగతిస్తున్నాము. అయితే ఫౌంటెన్లు, రంగు దీపాలే మ్యూజియం కాదు. అందులో యంత్రం పేరుతో పాటు దాన్ని నడిపినవాడి పేరు, భాష, కూలి, దగ్గు కూడా ఉండాలి. దూదిపొట్టు పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న కార్డింగ్ ఖాతా మనిషి లేని మ్యూజియం మాకక్కరలేదు.

చాల్‌లో ఉన్నవాడి మాట

ఇక రెండో పక్షం. బి.డి.డి. చాళ్ళను బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు 1920లలో కట్టింది. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, ఎన్.ఎం. జోషీ మార్గ్‌లో 32, ఇవికాక సెవ్రీలో కొన్ని. వందేళ్ళ పాటు ఒక్క ఖోలీలో మూడు తరాలు కాపురం చేశాయి. అంతస్తుకంతా కలిపి మరుగుదొడ్లు. వానాకాలం కప్పు కారుతుంది. ఇలాంటి చోట ఉన్నవాడికి బయటివాడు వచ్చి ఈ చాల్ చరిత్రాత్మకమైనది, పడగొట్టరాదు అని చెబితే ఒళ్ళు మండదా? మండుతుంది. మండాలి కూడా. తాను ఒక్కరోజు ఉండలేని చోటును ఇంకొకరి నెత్తిన వారసత్వంగా రుద్దడం మేము ఒప్పుకోము.

2025 ఆగస్టు 14న వర్లీ బి.డి.డి. చాళ్ళలోని 556 కుటుంబాలకు కొత్త ఇళ్ళ తాళాలు ఇచ్చారు. 160 చదరపు అడుగుల స్థానంలో 500 చదరపు అడుగులు, అదే పేటలో, 40 అంతస్తుల మేడలో. ఎక్కడికో తరమలేదు. ఇదీ మేము కోరే పద్ధతి. మేడ ఎక్కింది అక్కడివాడే అయితే ఆ మేడ మాకు కంటగింపు కాదు.

కాని ఇక్కడా జాగ్రత్త అవసరం. ఇలాంటి పథకాల్లో పాత కిరాయిదారుకు ఇల్లు ఉచితంగా ఎలా వస్తుంది? అదే స్థలంలో అదనంగా కట్టి అమ్ముకునే హక్కు ఇవ్వడం వల్ల. దీన్నే ఎఫ్.ఎస్.ఐ. అంటారు. వెయ్యి చదరపు మీటర్ల స్థలానికి 1.33 ఎఫ్.ఎస్.ఐ. అంటే అన్ని అంతస్తులూ కలిపి 1,330 చదరపు మీటర్లు కట్టవచ్చు. ఆ అంకె మూడు, నాలుగు అయినకొద్దీ అమ్మకానికి పోయే మేడలు పెరుగుతాయి. అప్పుడు మనవాళ్ళ మేడల మధ్య గాలి, వెలుతురు తగ్గిపోయే ప్రమాదముంది. చాల్‌లో పొడవాటి వరండా ఉండేది. పిల్లలు ఆడుకున్నా, ముసలివాళ్ళు కూర్చున్నా, చావైనా పెళ్ళైనా అందరూ చేరేది అక్కడే. మేడలో లిఫ్టు తలుపు మూసుకుంటే ఎవరికెవరు? లిఫ్టు, పంపు, కాపలా ఖర్చులు కొన్నేళ్ళ తర్వాత ఎవరు భరిస్తారు? పింఛను మీద బతికే ముసలి దంపతులు నెల నెలా ఆ ఖర్చు కట్టలేక ఇల్లమ్ముకుని పోతే, చాల్ కూల్చిన పని నెమ్మదిగా మేడే చేసినట్టవుతుంది.

కామాఠీపురా పేటను కూడా మ్హాడా ద్వారా, సుమారు 34 ఎకరాల మేర, తిరిగి కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. అక్కడ పాత ఇళ్ళు కూలే స్థితిలో ఉన్నాయి. తిరిగి కట్టవలసిందే. కాని కాగితం ఉన్న కిరాయిదారుకు ఇల్లు వస్తే, కాగితం లేకుండా మాళిగ మీద అద్దెకున్నవాడు, వీధి చివర బడ్డీ పెట్టుకున్నవాడు ఎక్కడికి పోవాలి? కొత్త మేడలకు ఇంగ్లీషు పేర్లు పెట్టి కామాటీల పేరు చెరిపేయరని హామీ ఏది?

ఇల్లు ఎక్కడ? ఊరికి ఎంత దూరం?

అన్నిటికన్నా పెద్ద అన్యాయం మిల్లు కార్మికుల ఇళ్ళ విషయంలో జరిగింది. 1982 జనవరి 1 నుంచి మిల్లు రోల్లో ఉన్న కార్మికులు లేక వారసులు ఇంటికి అర్హులు. సుమారు లక్షా డెబ్బయి వేల దరఖాస్తులు వచ్చాయి. మొదటి పెద్ద లాటరీ 2012లో, సుమారు 6,900 ఇళ్ళకు తీశారు. 2020 మార్చి 1న మరో 3,894 ఇళ్ళకు తీశారు. 2024 దాకా లాటరీలన్నీ కలిపితే సుమారు 16 వేల ఇళ్ళు. అంటే పదిమందిలో ఒక్కరికి. మిగిలిన తొమ్మిదిమంది ఎదురుచూస్తూ చూస్తూ ముసలివాళ్ళయ్యారు. చాలామంది పోయారు.

వాళ్ళకు ఇప్పుడు చూపిస్తున్న చోటు శేలు, వాంగణీ. కర్జత్ లైనులో ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు. 2025 జూలైలో ఆజాద్ మైదాన్‌లో కార్మికులు, వారసులు బైఠాయించి అడిగింది ఒక్కటే. మేము పని చేసిన నగరంలోనే మాకు ఇల్లు ఇవ్వండి అని. పరేల్‌లో నేల ఇచ్చినవాడికి 80 కిలోమీటర్ల అవతల ఇల్లు చూపించి, పరేల్‌లో చిమ్నీ చుట్టూ గడ్డి పెంచి దీపాలు పెట్టడాన్ని వారసత్వ రక్షణ అంటే మేము నమ్మము. నేతపనివాళ్ళం మనం. పడుగు లేకుండా పేక నిలవదని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇల్లు పడుగు, జ్ఞాపకం పేక. ఇల్లు పీకేసి జ్ఞాపకాన్ని నిలబెడతామంటే బట్ట కాదు, దారపు పోగులు మిగులుతాయి.

మన సంఘం కోరేది

ఒకటి. మిగిలిన మిల్లు భూముల్లో, ముఖ్యంగా ప్రజల సొత్తయిన ఎన్.టి.సి. భూముల్లో, కార్మికుల ఇళ్ళకే మొదటి హక్కు ఉండాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆగిపోయిన ఎన్.టి.సి. మిల్లుల స్థలాలను కార్మిక సంఘాలతో చర్చించకుండా కదిలించరాదు.

రెండు. శేలు, వాంగణీ ఇళ్ళు ఇష్టపడి తీసుకునేవారు తీసుకోవచ్చు. వద్దన్నవారి హక్కు రద్దు కారాదు.

మూడు. చాళ్ళు తిరిగి కట్టేటప్పుడు కిరాయిదారులకు అదే పేటలో ఇల్లు, గాలి వెలుతురు వచ్చే ఎడం, పిల్లలకు మైదానం, ప్రతి అంతస్తులో అందరూ కూర్చునే చోటు ఉండాలి. నిర్వహణ ఖర్చుకు శాశ్వత నిధి పెట్టాలి.

నాలుగు. ప్రతి మిల్లు ఆవరణలో చిమ్నీ, గేటు, వీలైతే ఒక షెడ్డు నిలపాలి. ఒక్క చాల్ అయినా ఖోలీలు, వరండా, మరుగుదొడ్లతో సహా ఉన్నది ఉన్నట్టుగా మ్యూజియంగా ఉంచాలి. అన్ని చాళ్ళూ ఉంచమని మేము అడగడం లేదు. ఒకటి ఉంచండి, మిగిలినవారికి మంచి ఇళ్ళు కట్టండి. ఇదే మా దృష్టిలో సమతూకం.

ఐదు. కాళాచౌకీ మ్యూజియం సలహా మండలిలో మిల్లు కార్మికులు ఉండాలి. మరాఠీతో పాటు తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడిన కార్మికుల కథలూ అందులో వినిపించాలి.

మనం చేయవలసింది

అన్నీ సర్కారే చేయాలని కూర్చుంటే కుదరదు. మిల్లు గుర్తింపు కార్డు, టికెట్ నంబరు ఉన్న హాజరు కార్డు, ప్రావిడెంట్ ఫండ్ చీటీ, ఇ.ఎస్.ఐ. కార్డు, సర్వీసు సర్టిఫికెట్ ఏది ఉన్నా పెట్టె అడుగున చెదలకు వదలకండి. ఇంటి హక్కు నిలిచేది ఆ కాగితం మీదే. మూడు నాలుగు నకళ్ళు తీసి, ఒకటి సంఘం ఆఫీసులో ఇవ్వండి. కార్మికుడు చనిపోతే వారసత్వ పత్రం కోసం ఆలస్యం చేయకండి. రిటైరై సిరిసిల్ల, కరీంనగర్ వైపు ఊళ్ళకు వెళ్ళిపోయిన మనవాళ్ళు చాలామంది ఉన్నారు. వారి చిరునామా, ఫోను తెలిసినవారు సంఘానికి తెలపండి. జాబితాలో పేరుండి కబురు అందక హక్కు పోగొట్టుకోవడం మన చేతకానితనమే అవుతుంది.

అలాగే ఇంట్లో ఉన్న నాడె, కండె, పాత పే స్లిప్పు, సమ్మె నాటి ఫోటో, ఖానావళి నెలసరి లెక్కల పుస్తకం ఏది ఉన్నా పాత సామాన్లవాడికి వేయకండి. మన పిల్లలు ఒక ఆదివారం కూర్చుని తాతల మాట టేపు చేయండి. ఏ ఖాతాలో పని చేశారు, ఎంత కూలి, జాబర్ ఎవరు, 1982లో ఇల్లు ఎలా గడిచింది అని అడగండి. ఆ ఆదివారం కూడా పోరాడి తెచ్చుకున్నదే కదా. మ్యూజియంలో మన పేరు ఉండాలంటే మన దగ్గర సరుకుండాలి.

సోలాపూర్ సోదరులకు ప్రత్యేకంగా చెబుతున్నాము. నర్సింగ్ గిర్జీ మిల్లు, లక్ష్మీ విష్ణు మిల్లులు మూతపడ్డాక అక్కడి నేల మీద కూడా అందరి కళ్ళూ పడ్డాయి. బొంబాయిలో ఒక్క మాట సవరణతో ఎంత పోయిందో చూశారు. నిబంధనల పుస్తకం యాజమాన్యం వకీలు ఒక్కడే చదివితే మన పని ఇలాగే ఉంటుంది. మనమూ చదవాలి, చదివించుకోవాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ఐదు కోర్కెలపై తీర్మానం పెడుతున్నాము. చాల్‌లో ఉన్నవారు, లాటరీ కోసం చూస్తున్నవారు, చరిత్ర పోతోందని బాధపడేవారు అందరూ రండి. ఎదురెదురుగా కూర్చుని వాదించుకుందాం. తీర్మానం అయ్యాక మాత్రం ఒక్కటిగా నడుద్దాం. మిల్లు పోయినా మిల్లు కార్మికుడు పోలేదని చూపించవలసింది మనమే.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!